టోకెన్ నంబరు నూట పదిహేడు

సంచీ ఇవ్వండి, టోకెన్ తీసుకోండి.
ఇరవై ఆరేళ్ళు ఈ రెండు ముక్కలే మాట్లాడాను
జగదాంబ దగ్గర, వరహా స్టోర్స్ గుమ్మంలో,
కుడిచేతి పక్క చెక్క అరల ముందు.
ఒక ఇత్తడి బిళ్ళ సంచీకి, దాని జత మనిషికి.

ఏ సంచీ ఎవరిదో వాసన చెప్పేది నాకు.
ఇది పూర్ణా మార్కెట్ మీదుగా వచ్చింది, కొత్తిమీర.
ఇది షిప్‌యార్డు రెండో షిఫ్టు, గ్రీజూ ఖాళీ క్యారేజీ.
ఇందులో ఎండు నెత్తళ్ళున్నాయి.
"పై అరలో ఎట్టకమ్మా, చీరల కౌంటరోళ్ళు గోలెడతారు" అనేది
తెచ్చిన మనిషే, నవ్వుతూ.

నడిచే మెట్లు పెట్టిన ఏడాది
చోడవరం నుంచీ మాడుగుల నుంచీ
బస్సులు మాట్లాడుకుని వచ్చారు.
అడుగు వేసేముందు చెప్పులు విప్పేవారు.
"సింహాచలం మెట్లు మనం ఎక్కాల,
ఇయ్యి మనల్ని ఎక్కిస్తాయి, అంతే గదా తేడా"
అందొక ముసలమ్మ, కొంగు బొడ్లో దోపుకుంటూ.
అన్ని చెప్పులకి బిళ్ళలెక్కడ చాలతాయి?
కామేశం గారే కిందికి దిగొచ్చి చెప్పారు,
"చెప్పులకి టోకెన్ వద్దు గౌరీశ్వరీ,
నువ్వే గుర్తుపెట్టుకో."
పెట్టుకున్నాను.

అప్పటికి ఏడు కొట్లు మావి.
స్టీల్‌ప్లాంటు బోనసు పడిన సాయంత్రం
షట్టరు సగం దించి
జనాన్ని విడతలుగా వదిలేవాళ్ళం.

పడిపోయేది చప్పుడు చేస్తుందనుకున్నాను.
చెయ్యలేదు.

సరుకు తగ్గితే ముందు వరసకి జరపమన్నారు.
సబ్బులు, డబ్బాలు భుజం భుజం ఆనించి నిలబడ్డాయి
గ్రూపు ఫోటోలో లాగా.
ఒకటి తీస్తే వెనకాల గోడ.
శ్రీకాకుళం కొట్టు మూసేసిన సంగతి
అక్కడి బొమ్మలు మా గోడౌన్లో దిగినప్పుడు తెలిసింది,
ఒంటి మీద బట్టల్లేకుండా, చేతులు విడిగా గోనెలో.
బిల్లింగు కల్పలత వాటి మీద పాత దుప్పటి కప్పింది.

తుఫాను మా బోర్డులోంచి ఒక్క దీర్ఘాన్ని పట్టుకుపోయింది.
వరహా, వరహ అయింది.
మళ్ళీ పెట్టించలేదు.
నడిచే మెట్లు ముందు ఆదివారాలకి, తర్వాత పండగలకి,
ఆ తర్వాత ఉత్త మెట్లు.
ఉత్త మెట్లకన్నా ఎత్తు. మోకాళ్ళకి తెలుస్తుంది.

జీతం సగం రూపాయలు, సగం కూపన్లు.
కూపన్లకి దొరికేవి బూటు పాలిషూ
పుట్టినరోజు కొవ్వొత్తులూ.
ఆ ఏడాది కరెంటు పోయినప్పుడల్లా
మా ఇంట్లో అయిదో ఏడో సన్న కొవ్వొత్తులు,
ఎవరి పుట్టినరోజూ కాకుండానే.

మధ్యాహ్నాలు మా నీడలో బళ్ళు ఆపుకునేవారు
వీపున పెద్ద పెట్టెసంచులున్న కుర్రాళ్ళు,
ఫోనులో కొన్నవి ఇళ్ళకి మోసేవాళ్ళు.
నీళ్ళడిగితే ఇచ్చాను.
వాళ్ళ మీద కోపం రావాలట. రాలేదు.
సంచీ దింపుకో బాబూ అనబోతే
చెయ్యి దానంతటదే బిళ్ళ వైపు వెళ్ళింది.

నిన్న ఆఖరు.
కంచరపాలెం నుంచి వచ్చిన తుక్కు వ్యాపారి
బిళ్ళలన్నీ కాటాలో పోశాడు.
జతలే అన్నీ, ఒక్క నూట పదిహేడు తప్ప.
దాని జతని తుఫాను ముందురోజు ఎవరో పట్టుకెళ్ళారు,
ఇప్పుడే వస్తానని.
సంచీ ఇంకా అరలోనే ఉంది.
ఊదారంగు రెక్సిను. ఉప్పుగాలికి జిప్పు బిగుసుకుపోయింది.
వారానికోసారి దుమ్ము దులిపాను గానీ
ఎప్పుడూ తీసి చూళ్ళేదు.

"అందులో ఏటుంది?" అన్నాడు.
తెలీదన్నాను.
"ఇలాగియ్యి, సూద్దుం."

ఆపాల్సిన జనం లేకపోయినా
షట్టరు సగం దిగే ఉంది.
వాడు చాచిన చెయ్యి చూసి
నోట్లోంచి వచ్చేసింది:

టోకెన్ ఉందా బాబూ?